గున్నమ్మకు కోపం తెప్పించిన నవల

నవలలో ఖద్దరు చొక్కా కనిపిస్తే చాలు, గున్నమ్మ పుస్తకం మూసేసేది. కథ ఎంత బాగా నడుస్తున్నా సరే, ఎవడో ఒకడు మైకు పట్టుకుని "సోదర సోదరీమణులారా" అన్నాడంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. "ఇంట్లో ఉన్న రొద సాలదని పుస్తకంలో కూడానా?" అని విసుక్కుని, ఇచ్చినవాళ్లకే తిప్పి పంపేసేది. భిలాయిలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టం. దొరికినదాన్ని చదవకుండా వదిలేయడమంటే ఆకలి మీదున్న మనిషి కంచం తోసేయడమే. అయినా తోసేసేది.

ఆమెది సోంపేట దగ్గర పల్లె. ఎనిమిదో తరగతి అయ్యాక చదువు మాన్పించారు. పెళ్లయి శంకరరావు వెంట రైలెక్కినప్పుడు ఆమె పెట్టెలో చీరల అడుగున అట్టలు ఊడిన నవలలు కొన్ని ఉన్నాయి. శంకరరావు స్టీల్ ప్లాంటులో, పట్టాలు తయారయ్యే మిల్లులో క్రేన్ ఆపరేటరు. టౌన్‌షిప్‌లో మరోదా అనే చోట క్వార్టరు ఇచ్చారు. బజారుకెళితే హిందీ, కూరలమ్మే ఆవిడతో ఛత్తీస్‌గఢీ, పక్కింటి బెంగాలీ ఆవిడతో సగం సైగలు. కడుపునిండా తెలుగు కావాలంటే నవల ఒక్కటే దిక్కు. ఊరి నుంచి వచ్చేవాళ్లు రైల్లో కాలక్షేపానికి కొన్న పుస్తకాలను ఆమె కోసం దాచి తెచ్చేవారు. ప్రేమకథలంటే ఆమెకు ప్రాణం. అపార్థాలు, అలకలు, వానలో ఎదురుచూపులు ఎన్ని ఉన్నా ఓపిగ్గా చదివేది. రాజకీయం మాత్రం పనికిరాదు.

అందుకు కారణం ఇంట్లోనే ఉంది. శంకరరావు యూనియన్ మనిషి. క్వార్టరు ముందు గది ఆమెది కాదు, యూనియన్‌ది. షిఫ్టు దిగిన మనుషులు గుమ్మంలో చెప్పులు కుప్పపోసి లోపలికొచ్చేవారు. గేటు మీటింగులో ఎవరేమన్నారు, ఎవరు ఎవరివైపు తిరిగారు, జనరల్ సెక్రటరీ మనసులో ఏముంది, ఇవే మాటలు. "భాభీ, చాయ్" అన్న కేక తప్ప వాళ్లలో ఒక్కరికీ ఆమెతో ఇంకో మాట ఉండేది కాదు. పాలు విరిగితే ఆమె తప్పు. పంచదార తక్కువైతే ఆమె తప్పు. యూనియన్ ఎన్నికల్లో ఓడిపోతే మాత్రం కార్మికుల తప్పు.

అంతవరకైతే భరించేది. భరించలేనిది ఇంకోటి ఉంది.

ఒక వేసవిలో వాళ్ల క్వార్టర్ల వెనక బస్తీలో బోరింగులు ఎండిపోయాయి. నీళ్ల ట్యాంకరు వచ్చేది గానీ, ఆ వార్డు నుంచి గెలిచిన పార్షద్ ఇంటి సందులోనే ఖాళీ అయిపోయేది. గున్నమ్మ బస్తీ ఆడవాళ్లను వెంటేసుకుని రోడ్డుకు అడ్డంగా బిందెలు పెట్టించింది. ట్యాంకరు డ్రైవరు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. చివరికి పార్షద్ స్వయంగా వచ్చి "అరే బహెన్‌జీ" అంటూ బుజ్జగించబోతే, "ముందు నీళ్లు, తరవాత బహెన్‌జీ" అని హిందీలో అరిచింది. తనకు అంత గొంతుందని అప్పటిదాకా ఆమెకే తెలియదు. మర్నాటి నుంచి ట్యాంకరు బస్తీ మధ్యకు వచ్చింది.

ఆ తర్వాతి ఎన్నికల్లో వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. బస్తీవాళ్లు, మరోదా తెలుగువాళ్లు కలిసి వచ్చి గున్నమ్మను నిలబడమన్నారు. ముందు భయపడింది. తరవాత, పైకి చెప్పకపోయినా, సంబరపడింది. నామినేషన్ వేసింది. పక్క వీధిలో ఉండే తులసమ్మ తన కొత్త చీర తెచ్చి, "ఇది కట్టుకొని ఇల్లిల్లూ తిరుగు" అని చేతిలో పెట్టింది. గున్నమ్మ అద్దం ముందు నిలబడి, చెప్పాల్సిన మాటలు హిందీలో పలికి చూసుకుంది.

ఉపసంహరణకు ఆఖరి రోజున శంకరరావు ఒక జీపులో వచ్చాడు. జీపు నిండా యూనియన్ మనుషులు. "పద, సంతకం ఎట్టాలి" అన్నాడు. యూనియన్ నాయకుడి మరదలు అదే వార్డులో నిలబడుతోందనీ, మాటైపోయిందనీ దారిలో చెప్పాడు. ఆమె చుట్టూ కూర్చున్న మగవాళ్లు క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నారు. సంతకం పెట్టి ఇంటికొచ్చి, చీర మడతపెట్టి తులసమ్మకు తిరిగిచ్చేసింది. వంటింట్లోకి వచ్చేసరికి ముందు గదిలోంచి "భాభీ, చాయ్" అని వినిపించింది. పెట్టి ఇచ్చింది. ఆ టీ ఎందుకు పెట్టానా అని ఎన్నోసార్లు పళ్లు కొరుక్కుంది.

అది జరిగి చాలా ఏళ్లయింది. శంకరరావు రిటైరై, ఉతై అనే ఊరికి వెళ్లే రోడ్డు పక్కన చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ప్లాంటు వదిలినా రాజకీయం వదల్లేదు. పాత జోడీదారు రాజేంద్ర, ఇంకో ఇద్దరు ముగ్గురు రోజూ సాయంత్రం వరండాలో చేరతారు. ఢిల్లీ నుంచి వార్డు దాకా అందరి జాతకాలూ చెబుతారు. టీలు మాత్రం అలాగే లోపలి నుంచి వస్తుంటాయి.

ఈమధ్య ఎదురింట్లోకి అరుణజ్యోతి అనే అమ్మాయి విజయనగరం నుంచి కోడలిగా వచ్చింది. సంచీడు పుస్తకాలతో దిగింది. గున్నమ్మకు పండగే అయింది. ఒక రోజు ఆ అమ్మాయి తెచ్చిన నవల పేరు "ఓటడిగిన వెన్నెల". అట్ట మీద జీపు, జీపుకు రెండు రంగుల జెండాలు, వాటి మధ్య ఒక మల్లెపూల జడ. రాసినవారు సత్యలక్ష్మి.

"ఎన్నెలకి ఓటెందుకే? నాకొద్దు" అంది గున్నమ్మ.

"ప్రేమకతే పిన్నీ."

"జీపు కనపడతంది కదా. జీపున్నకాడ పేమేటి?"

అరుణజ్యోతి నవ్వి, పుస్తకాన్ని టీవీ పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఇంట్లో ఉన్నవన్నీ అప్పటికి చదివేసినవే. తిట్టడానికైనా ఒకసారి చూడాలి కదా అనుకుని, మధ్యాహ్నం అన్నాలయ్యాక గున్నమ్మ పుస్తకం తీసింది.

మొదటి అధ్యాయంలోనే నామినేషన్లు. "ఛీ" అంది. రెండో అధ్యాయంలో శ్రీలక్ష్మి ఒక పార్టీ, శ్యామసుందర్ ఎదుటి పార్టీ. ఒకే కూడలిలో ఎదురెదురుగా ఇద్దరి సభలు. అతను మాట్లాడుతుండగా కరెంటు పోయి మైకు మూగబోయింది. శ్రీలక్ష్మి దగ్గర జనరేటరు ఉంది. ఆమె వైరు లాగించి తన మైకును అతనికి పంపిస్తూ, "నా మీద మీరు చెప్పే అబద్ధాలు వెనకవాళ్లకు కూడా వినపడాలి కదా" అని కబురు పెట్టింది. గున్నమ్మకు ఫక్కున నవ్వొచ్చింది. నవ్వినందుకు కోపమొచ్చింది. పుస్తకం బోర్లా పెట్టి బట్టలు మడతపెట్టింది. సగం మడతపెట్టి మళ్లీ తీసింది.

అలా మొదలైంది. పొద్దున్న పప్పు పొయ్యి మీద పెట్టి చదివితే పప్పు మాడింది. పంపు దగ్గర చదువుతూ నిలబడితే బకెట్టు నిండి నీళ్లు కాళ్ల మీదికి వచ్చాయి. ప్రతి పేజీకీ ఆ రచయిత్రిని తిడుతూనే ఉంది. ఓట్లు, కులాల లెక్కలు, డబ్బు సంచులు, తెల్లచొక్కాలు, ఆమెకు గిట్టనివన్నీ అందులో ఉన్నాయి. వాటి మధ్య ఆ ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూ, వేదిక మీద తిట్టుకుని వెనక నవ్వుకుంటూ ఎంత ముద్దొస్తున్నారంటే, పుస్తకం మూయడం ఆమె వల్ల కాలేదు.

ఒకచోట శ్యామసుందర్ తాగునీటి పథకం కాగితాలు పట్టుకుని శ్రీలక్ష్మి ఇంటికే వస్తాడు. "మీ పార్టీ ఏమంటుందో నాకు తెలుసు. మీరేమంటారో చెప్పండి" అంటాడు. ఆమె చెబుతుంది. అతను మధ్యలో అడ్డం రాకుండా చివరిదాకా వింటాడు. అంతే. చెయ్యి పట్టుకోవడం కూడా లేదు. గున్నమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పేజీ మళ్లీ చదివింది. చదివి, "అబద్దాలకోరు పుస్తకం. ఇలాటి మగాడు ఏ పార్టీలో ఉన్నాడు?" అని పైకే అనేసింది.

శంకరరావు చూడనే చూశాడు. "ఏటే, రాజకీయం సదువుతన్నావా? నీకు పడదు కదా?"

"పడదు."

"మరి?"

"పడకుండానే సదువుతున్నాను."

అతను సాయంత్రం ఆ ముక్క రాజేంద్రకు హిందీలో చెప్పి తెగ నవ్వాడు. గున్నమ్మ టీ కప్పులు కాస్త గట్టిగానే కింద పెట్టి లోపలికొచ్చింది. ఆమె మనసంతా శ్రీలక్ష్మి గెలుస్తుందా లేదా అన్నదాని మీదే ఉంది. గెలవాలి. గెలిచి తీరాలి. పెళ్లి మాట తరవాత.

ఆఖరి అధ్యాయం మర్నాడు మధ్యాహ్నం చదివింది. పోలింగు దగ్గర పడింది. శ్రీలక్ష్మి గెలుపు ఖాయమని అందరూ అంటున్నారు. అప్పుడు శ్యామసుందర్ తల్లి వచ్చి, కొడుకు ఓడిపోతే తట్టుకోలేడని కంటతడి పెడుతుంది. శ్రీలక్ష్మి రాత్రంతా ఆలోచించి, పోటీ నుంచి తప్పుకుంటున్నానని ప్రకటిస్తుంది. "ఆయన గెలుపే నా గెలుపు" అంటుంది. విజయయాత్ర వాళ్ల వీధిలోకి వచ్చినప్పుడు మేడ మీద నిలబడి పువ్వులు జల్లుతుంది. కింద జీపులోంచి అతను తలెత్తి చూస్తాడు. శుభం.

గున్నమ్మ పుస్తకాన్ని తలుపుకేసి కొట్టింది. అట్ట ఒకవైపు, పేజీలు ఒకవైపు పడ్డాయి. పరాయి సొత్తు కదా అని వెంటనే నొచ్చుకుని ఏరి తెచ్చింది. ఆఖరి పేజీలో "మీ అభిప్రాయాలు తెలపండి" అని ఫోన్ నంబరు అచ్చు వేసి ఉంది. అక్కడికక్కడే నొక్కింది.

"సత్యలక్ష్మిగారున్నారా?"

"నేనేనండి" అంది ఒక మగ గొంతు.

"మీరు కాదు, ఆవిడ కావాల."

"ఆవిడా నేనేనమ్మా. నా పేరు రామచంద్రరావు. సత్యలక్ష్మి నా కలం పేరు. ప్రేమ నవలకు ఆడపేరు ఉంటే బాగుంటుందని పబ్లిషరు అన్నారు."

"ఆడపేరు ఎట్టుకుని ఆడమనిషినే కూలదోసినావా?"

"ఎక్కడ నుంచి మాట్లాడుతున్నారమ్మా?"

"భిలాయి."

"అబ్బో! అక్కడిదాకా వచ్చిందా నా పుస్తకం!" ఆ గొంతులో సంతోషం పొంగింది. అది విని గున్నమ్మకు ఇంకా ఒళ్లు మండింది.

"వొచ్చింది. బాగుంది కూడాను. నా కోపమంతా అదే. బాగోకపోతే మూసీసి పడుకుందును. ఆ మైకు కాడ నవ్వినాను. ఆ నీళ్ల కాగితాలకాడ ఏడిసినాను. అంతటి మనిషిని తయారుసేసి, ఆకర్న మేడెక్కించి పువ్వులు జల్లించీసినావు. ఎందుకొల్ల?"

"ప్రేమకథ కదమ్మా. ఇద్దరూ గెలవలేరు. ఎవరో ఒకరు తగ్గాలి."

"ఆడు తగ్గొచ్చు కదా."

"పాఠకులు ఒప్పుకోరమ్మా."

"నాను పాటకురాల్నే కదా. నన్నడిగినావా?"

ఆయన మెల్లగా, "మా ఇంటావిడ కూడా ఇదే మాట అంది" అన్నాడు.

"మరావిడ మాట ఎందుకిన్లేదు?"

"అప్పటికే అచ్చుకు వెళ్లిపోయిందమ్మా."

"అన్నీ అయిపోయినాకే మాకు సెప్తారు" అని ఫోన్ పెట్టేసింది.

వరండాలో శంకరరావు, రాజేంద్ర ఇదంతా వింటూనే ఉన్నారు. ఆ రోజు వాళ్లు తొందరగానే చేరారు. శంకరరావు తొడ చరిచి, "సునా, రాజేంద్ర భాయ్? మా ఆవిడ రైటర్‌నే ఘేరావ్ చేసీసింది" అని నవ్వాడు. తరవాత లోపలికి గొంతెత్తి, "గున్నా, అదెవుత్తో పుస్తకంలో మనిషి. దానికోసం ఇంత రాద్ధాంతం ఏటి? ఆ కోపం పక్కనెట్టి కాస్త టీ ఎట్టు" అన్నాడు.

గున్నమ్మ వరండాలోకి వచ్చింది. చేతిలో టీ లేదు.

"పుస్తకంలో మనిషి కోసం కాదు, నాకోసం అరుస్తన్నాను. మీకు జీపు గేపకం ఉందా?"

"ఏ జీపు?"

అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే మర్చిపోయాడు. ఆమె ఇన్నేళ్లూ గుండెల మీద మోస్తున్నది అతనికి గుర్తే లేదు. ఆ ముఖంలోకి చూస్తుంటే, జీపులో కూర్చున్న రోజు రాని కోపం ఆ మధ్యాహ్నం వచ్చింది.

"సంతకం ఎట్టించడానికి తీసుకెళ్లిన జీపు. ఈ రాజేంద్ర నా పక్కనే కూకున్నాడు. అడగండి."

రాజేంద్ర తల దించుకుని, పాత సంగతి వదిలెయ్యమన్నాడు. "ఛోడియే భాభీ, పురానీ బాత్ హై."

"పురానీ బాత్ మీకు. నాకు ఈ రోజే జరిగింది" అని అతనికి హిందీలోనే జవాబిచ్చింది.

శంకరరావుకు అప్పుడు గుర్తొచ్చింది. కుర్చీలో సర్దుకున్నాడు. "అదా? నాయకుడికి మాటిచ్చీసినాను. మాట తప్పితే యూనియన్‌లో నా పరిస్థితేటి?"

"దానికి మీకేటిస్తానన్నాడు?"

"జాయింట్ సెక్రటరీ."

"ఇచ్చినాడా?"

రాజేంద్రే నేల చూస్తూ, తల అడ్డంగా ఊపి, "నహీ దియా" అన్నాడు.

"అయితే నన్ను ఉత్తినే ఇచ్చీసినారన్నమాట!"

"అదికాదే. నిలబడినా నువ్వు ఓడిపోయుందువు" అన్నాడు శంకరరావు, ఇక ఏమీ తోచక.

ఆ మాటతో ఆమెకు పట్టు తప్పింది. పెళ్లయినప్పటి నుంచీ అతన్ని మీరు అనే పిలిచిన మనిషి నువ్వులోకి దిగిపోయింది. "ఓడిపోదును! ఓడిపోనిస్తే నీ సొమ్మేటి పోయేది? గెలిచినా ఓడినా నాది నాకుండును. ఆ తులసమ్మ చీర కట్టుకుని నాలుగు వీధులు తిరుగుదును. నన్నడిగినావా? ఒక్కమారైనా, ఏటే గున్నా, నీకేటనిపిస్తంది అని అడిగినావా? ఊరందరి మనసులో ఏటుందో నీకు తెలుసు. ఢిల్లీలో ఉన్నోడి మనసులో ఏటుందో తెలుసు. ఈ గోడ ఇవతల ఉన్న మనిషి నీకక్కర్లేకపోయింది."

ఎదురింట్లో అరుణజ్యోతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గున్నమ్మ గొంతు తగ్గించలేదు.

"టీ లేదు. ఈ వరండాలో రాజకీయం మాటాడాలంటే నన్ను కూడా కూకోబెట్టి మాటాడండి. నేదంటే పవర్ హౌస్ బజారుకి పోయి మాటాడుకోండి."

రాజేంద్ర చెప్పులు వేసుకున్నాడు. శంకరరావు కూడా అతని వెనకే లేచి వెళ్లాడు. మర్నాటి నుంచి వాళ్ల సభ పవర్ హౌస్ బజారులో, బస్సులు ఆగే చోట ఉన్న ఒక టీకొట్టు దగ్గరికి మారిపోయింది. శంకరరావు ఇంటికొచ్చి తినేవాడు, ముభావంగా పడుకునేవాడు. గున్నమ్మ వండి పెట్టేది, మాట్లాడేది కాదు. ఎవరైనా చుట్టాలు ఫోన్ చేస్తే ఇద్దరూ వేర్వేరుగా మాట్లాడి పెట్టేసేవారు.

ఖాళీ అయిన వరండాలోకి అరుణజ్యోతి వచ్చింది. అతికించిన పుస్తకం ఆమెకు ఇస్తూ గున్నమ్మ సిగ్గుపడింది. ఆ అమ్మాయి పుస్తకాన్ని తిప్పి చూసి, "పిన్నీ, ఇది పైకి చదవండి. భాగ్యరేఖ దీదీ కూడా వింటానంది" అంది. భాగ్యరేఖ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇన్సూరెన్సు ఆఫీసులో పని. తెలుగు అర్థమవుతుంది, అక్షరం రాదు. అలాంటి ఆడవాళ్లు ఆ వీధిలో ఇంకా ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నాలు చాపలు పరిచి కూర్చోవడం మొదలైంది. ఇప్పుడు ఈ వైపే ఉంటున్న, ముసలిదైపోయిన తులసమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చి గోడకు చేరగిలబడేది. గున్నమ్మ చదివేది. మైకు దగ్గర అందరూ నవ్వారు. నీళ్ల కాగితాల దగ్గర భాగ్యరేఖ, మళ్లీ చదవమని, "ఫిర్ సే పఢో ఆంటీ" అంది.

ఆఖరి అధ్యాయం ముందు గున్నమ్మ ఆగిపోయింది.

"దీని తరవాతది రాసినవోడి ఇష్టం. నాకు నచ్చనేదు. ఏటుందో సెప్తాను, సదవను" అని, జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. ఒక్కసారిగా గోల లేచింది. భాగ్యరేఖ చాప మీంచి లేచి నిలబడి, ఇదేం న్యాయమంటూ, "యే క్యా బాత్ హుయీ?" అని పోట్లాటకు దిగింది. అరుణజ్యోతి శ్యామసుందర్ తల్లిని తిట్టింది. తులసమ్మ మాత్రం, ప్రేమించినవాడి కోసం ఆ మాత్రం చేయకూడదా అని ఎదురు తిరిగింది. గున్నమ్మకు తులసమ్మ మీదే అందరికంటే ఎక్కువ కోపమొచ్చింది. "నువ్వా ఆ మాటనేది? నీ చీర మడతెట్టి ఇచ్చినప్పుడు వాకిట్లో కూకుని నువ్వెంత తిట్టినావు మా ఆయన్ని!" అంది. వాదన పొద్దు వాలేదాకా సాగింది. ఎవరూ ఎవరి మాటకీ ఒప్పుకోలేదు. గున్నమ్మ గొంతు బొంగురుపోయింది.

ఆ సాయంత్రం శంకరరావు పవర్ హౌస్ నుంచి వచ్చేసరికి ఆడవాళ్లు ఇంకా వీధిలో నిలబడి వాదించుకుంటున్నారు. వాళ్లను తప్పించుకుని లోపలికొచ్చి, కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. గున్నమ్మ అన్నం పెట్టింది. పులుసు పోసింది. అతను కలుపుతూ కలుపుతూ ఆగి, "ఆ రోజు నిన్ను అడగాల్సింది" అన్నాడు. తల ఎత్తలేదు.

"అవును" అంది గున్నమ్మ.

పరవాలేదు అని అనలేదు. పోనీలే అని కూడా అనలేదు. అతను తినడం పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుంది. తరవాత తన కంచం తెచ్చుకుని వడ్డించుకుంది.